మూడోసారి అడిగేదాకా

మా వైపు పిల్లలకు ప్రార్థనల కన్నా ముందు నేర్పేది వద్దనడం. ఒకరింటికి వెళ్లినప్పుడు వాళ్లు తినడానికి ఏదైనా పెట్టబోతే మొదటిసారి వద్దనాలి. రెండోసారి ఇంకాస్త మెత్తగా వద్దనాలి. మూడోసారి అడిగాక, మీ బలవంతం తట్టుకోలేక పుచ్చుకుంటున్నామన్నట్టు మొహం పెట్టి, చేయి చాచాలి. పెట్టేవాళ్లకూ ఈ లెక్క తెలుసు కాబట్టి ఎవరి కడుపూ మాడదు. ఎప్పుడో ఒకసారి మాత్రం మాడుతుంది.

అట్రాక్టాకు ఏడేళ్లున్నప్పుడు మాడింది. తల్లితో కలిసి పెద్దమ్మ ఇంటికి వెళ్లింది. పెద్దమ్మ రేకుడబ్బా మూత తీసింది. లోపల నల్లగా నిగనిగలాడుతూ ఎండుద్రాక్ష కేకు.

"తింటావుటే అమ్మడూ?"

"వద్దు పెద్దమ్మా."

"ఒక్క ముక్క?"

"వద్దు పెద్దమ్మా, ఇప్పుడే తిని వచ్చాను."

తిన్నదీ లేదు, ఏమీ లేదు. మూడో మాట కోసం ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చుంది. పెద్దమ్మ తన మోకాలి నొప్పి గురించి చెప్పుకుంటూ, పరధ్యానంగా మూత పెట్టేసింది. ఆ మూత మళ్లీ తెరుచుకోలేదు. ఇంటికి వచ్చే దారంతా అట్రాక్టా ఏడుస్తూనే ఉంది. తల్లి మాత్రం "మర్యాద అంటే నా కూతుర్ని చూసి నేర్చుకోవాలి" అని ఊరంతా చెప్పుకుంది. ఆ కూతురికి ఇప్పుడు యాభై ఎనిమిది. ఎండుద్రాక్ష కేకు ఎక్కడ కనిపించినా ఒక ముక్క ఎక్కువే తింటుంది.

ఆవిడ పూర్తి పేరు అట్రాక్టా గానన్, మొగుడికి మాత్రం అట్టీ. మా ఊరు క్లూన్‌రోలో వృద్ధాశ్రమం వంటగదికి పెద్ద. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. గరిటె పట్టుకున్నప్పుడు ఎవరైనా ఎదురు మాట్లాడితే ఊరుకోదు. గరిటె కింద పెట్టిందంటే మాత్రం ఆవిడంత మొహమాటస్తురాలు ఈ జిల్లాలోనే ఉండదు. గురువారం మధ్యాహ్నాలు గిన్నెలు కడగడం అయ్యాక, భర్త పాత ఉన్ని మేజోడులో చుట్టి తెచ్చుకున్న ఫ్లూటు బయటికి తీసి, హాల్లో ముసలివాళ్లకు వాయించి పెడుతుంది. నల్లచెక్కతో చేసినది, తండ్రి ఇచ్చినది. చెక్క ఎండిపోకుండా నెలకోసారి బాదం నూనె రాస్తుంది. అది రాస్తున్నంతసేపూ ఆవిడతో ఎవరూ మాట్లాడకూడదు.

ఇరవై ఏళ్ల వయసులో ఆవిడ గాల్వేలో ఒక బేకరీలో పనిచేసింది. ఆ ఊళ్లో ఎటు తిరిగినా ఎవరో ఒకరు వాయిస్తూనే ఉంటారు. వంతెన మీద ఒకడు, చేపల కొట్టు చూరు కింద ఒకడు, వాన పడితే పబ్బుల్లో అందరూ. ఆదివారం చర్చిలో పూజ అవగానే కాలువ పక్కనున్న మూలమీది పబ్బులో సెషన్ మొదలయ్యేది. స్టేజీ లేదు, టికెట్టు లేదు. కిటికీ మూల బల్ల చుట్టూ ఫిడేళ్లూ, చేతిలో ఇమిడే హార్మోనియంలాంటి కాన్సర్టీనాలూ పట్టుకుని ఏడెనిమిది మంది, జనానికి వీపు పెట్టి తమకోసం తాము వాయించుకున్నట్టు కూర్చునేవారు. ఆ కుర్చీల్లో పిలవకుండా ఎవరూ కూర్చోరు. పిలిచినా వెంటనే కూర్చోరు, అది వేరే సంగతి. అట్రాక్టా ఏడాది పైగా ప్రతి ఆదివారం ఆ బల్ల దగ్గర కూర్చుంది. ఆ ఏడాదే తన బతుకులో అన్నిటికన్నా గట్టిగా ఊపిరి తీసుకున్న ఏడాది అని ఇప్పటికీ అనుకుంటుంది.

ఒక ఆదివారం ఒక సంగీత బృందం నాయకుడు ఆవిడ దగ్గరికి వచ్చాడు. వాళ్లు ఫ్రాన్సు, జర్మనీ తిరగబోతున్నారు. ఫ్లూటుకు మనిషి కావాలి.

"మాతో వస్తావా?"

"అయ్యో, నేనెక్కడ! నా వాయింపెంత?"

"నిజంగానే అడుగుతున్నానమ్మాయ్."

"వద్దులెండి, మీకు నాకన్నా మంచివాళ్లే దొరుకుతారు."

లోపల గుండె డప్పులా కొట్టుకుంటూ ఉంది. పెట్టెలో ఏ గౌను సర్దుకోవాలో కూడా అప్పటికే అనుకుంది. ఆయన డబ్లిన్ మనిషి. మా లెక్కలు ఆయనకేం తెలుసు? "సరే, నీ ఇష్టం" అని చేయి కలిపి వెళ్లిపోయాడు. ఆ శీతకాలమంతా వేరే అమ్మాయి ఎవరో వాళ్లతో జర్మనీ అంతా తిరిగి వాయించింది.

మరుసటి వేసవిలో బంధువుల పెళ్లికి గాల్వే వచ్చిన మా వైపు పాడిరైతు మాలకీ, సెషన్ పక్కన గంటసేపు గోడకానుకుని నిలబడి, డాన్సుకు వస్తావా అని అడిగాడు. వద్దంది. మళ్లీ అడిగాడు. వద్దంది. టోపీ తీసి చేత్తో పట్టుకుని మూడోసారి అడిగాడు. అక్కడికక్కడే ఆవిడకు మనసు కరిగిపోయింది. అందంలో వాడికి పెద్ద మార్కులు పడవు, మాటలో అసలే పడవు. కానీ లెక్క తెలిసినవాడు. పెళ్లి మాట కూడా మూడుసార్లూ అడిగాడు, మధ్యలో ఒకసారి వాన తగ్గేదాకా ఆగి మరీ.

పెళ్లయ్యాక ఆవులు. ముప్పై పాలావులు. రోజుకు రెండు పూటలా పితకాలి, క్రిస్మస్ అయినా, జ్వరమొచ్చినా. పిల్లలిద్దరూ పుట్టారు, పెరిగారు, ఉద్యోగాలకు పోయారు. ఇన్నేళ్లలో మొగుడూ పెళ్లాం కలిసి ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. దానికి అట్రాక్టా పెద్దగా ఏడ్చిందీ లేదు. ఆ ఇల్లంటే ఇష్టం, ఆ మనిషంటే ఇష్టం, కిటికీలోంచి కనిపించే తడి పచ్చిక అంటే ఇష్టం. ఒక్క గాల్వే ఆదివారం మాత్రం గొంతులో చేపముల్లులా అక్కడే ఉంది.

సెప్టెంబరులో ఒకనాడు టీ దగ్గర ఉన్నట్టుండి అనేసింది.

"మాలకీ, మనం గాల్వే వెళ్దాం. శుక్రవారం వెళ్లి ఆదివారం వద్దాం."

మాలకీ రొట్టె మీద వెన్న రాస్తున్నవాడల్లా ఆగిపోయాడు. "ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. పాట వినడానికి."

"రేడియోలో వస్తుందిగా."

"నీతో కలిసి పక్కన కూర్చుని వినాలి. ఆదివారం ఆ కాలువ పక్కన పబ్బులో." అసలు నిజం కూడా చెప్పేసింది. "పిలిస్తే వాయించాలి కూడా. చేతులు బాగున్నప్పుడే ఒక్కసారి ఆ బల్ల దగ్గర కూర్చోవాలని ఉంది మాలకీ. పొద్దున్న లేచేసరికి ఈ బొటనవేలు వంగడం లేదు. రెండేళ్లు పోతే ఫ్లూటు మేజోడులోనే ఉండిపోతుంది."

మాలకీ ఆ బొటనవేలి వంక చూశాడు. తర్వాత కిటికీలోంచి ఆవుల వంక చూశాడు. "సరే అయితే, వెళ్దాం" అన్నాడు. ఆ మాట అన్నాక తానే ఉలిక్కిపడ్డట్టు టీ గడగడా తాగేశాడు.

ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో వేరే మాట లేదు. రెండు గంటల ప్రయాణానికి మాలకీ చేసిన హడావుడి చూస్తే సముద్రాలు దాటి పోతున్నాడేమో అనిపించేది. గాల్వేలో కారు ఎక్కడ పెట్టాలన్నది ఆయనకు పెద్ద దిగులు. పడుకునే ముందు ఇదే పాట.

"ఆ సందుల్లో మన కారు పడుతుందంటావా?"

"ట్రాక్టరేం కాదుగా మాలకీ, పడుతుంది."

"పడితే తీయడం ఎట్లా మరి?"

"తీయకపోతే అక్కడే ఉండిపోదాం. నేను వాయిస్తా, నువ్వు టోపీ పట్టుకుని జనం దగ్గరికి పో."

అక్టోబరు చివరి వారానికి గది తీసుకున్నారు, సముద్రం వైపు, మెట్లు తక్కువున్నది. అట్రాక్టా వంటగదిలో బంగాళాదుంపలు చిదుపుతూ ప్రయాణాన్ని మనసులో నడుపుకునేది. శుక్రవారం సాయంత్రం ఓడరేవు దగ్గర సెషన్ ఒకటి, అక్కడ కూర్చుని వినడమే. శనివారం పొద్దున్న సంత, మాలకీకి కొత్త టోపీ, సాయంత్రం పెద్ద వీధి. ఆదివారం పూజ, పూజ అవగానే కాలువ పక్కకి. అక్కడికి రాగానే బంగాళాదుంపలు మరీ మెత్తగా చిదిగిపోయేవి. పళ్లు లేని ముసలివాళ్లు ఆ నెల చాలా సంతోషంగా తిన్నారు.

ఇక మిగిలింది ఆవులు. వాటిని చూడగల మనిషి ఒక్కడే, పక్క పొలం ఫింటన్ కిల్‌కోయిన్. అరవై దాటిన బ్రహ్మచారి. పనిమంతుడు, నిదానస్తుడు, చిన్న మాటకు కూడా నొచ్చుకునే రకం. మా వైపు ఇటువంటి సాయం నోరు విడిచి అడగరు. ప్రయాణం సంగతి గాలికి వదిలినట్టు చెప్పాలి. అవతలివాడు నేను చూసుకుంటాలే అనాలి. మనం వద్దు వద్దు అనాలి. మాలకీకి ఇవన్నీ కొట్టిన పిండి. గురువారం పశువుల సంతకు వెళ్లి, సాయంత్రం ఈల వేసుకుంటూ వచ్చాడు.

"అయిపోయింది. ఫింటన్ చూసుకుంటాడు."

అట్రాక్టాకు సంతోషంతో కాళ్లు నిలవలేదు. కానీ ముప్పై ఏళ్లకు పైగా ఆయనతో కాపురం చేసింది కదా, ఎందుకైనా మంచిదని అడిగింది. "ఏమన్నాడు? అన్నది అన్నట్టు చెప్పు."

"ఏముంది, మేం అట్లా గాల్వే పోదామనుకుంటున్నాం, కుదురుతుందో లేదో అన్నాను. అయితే ఆవులు నేను పితుకుతాలే అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"వద్దొద్దు, నీకెందుకు శ్రమ అన్నాను."

"అప్పుడు?"

"శ్రమేముంది, పక్కనేగా అన్నాడు. నీకూ బోలెడు పనులుంటాయి, వద్దులే ఫింటన్ అన్నాను."

"అప్పుడు?"

మాలకీ గంబూట్లు విప్పడంలో మునిగిపోయాడు.

"మాలకీ. మూడోసారి అడిగాడా?"

"అడగబోయాడు."

"అడగబోయాడా, అడిగాడా?"

"నోరు తెరిచాడు అట్టీ! నా కళ్లతో చూశాను. అదే నిమిషానికి వాడి దూడలు వేలంపాటకొచ్చాయి. పేరు పిలిచారు, వాడు పరుగెత్తాడు. తర్వాత కనపడలేదు. అయినా మూడోది అడిగినట్టే లెక్క."

"ఎవరి లెక్క?"

"నా లెక్క."

అట్రాక్టా కుర్చీలో కూలబడింది. రేకుడబ్బా మూత కళ్లముందు మూసుకున్నట్టయింది. మాలకీ మాత్రం ఫింటన్ అంత తెలివితక్కువవాడు కాదనీ, మనిషికీ మనిషికీ మధ్య అర్థాలుంటాయనీ, చూస్తూ ఉండమనీ ధీమాగా చెప్పాడు. ఆవిడ చూస్తూ ఉంది. ఫింటన్ రాలేదు. ఆదివారం చర్చి దగ్గర టోపీ ముట్టుకుని, వాన గురించి ఒక్క మాట అని, తన దారిన తాను పోయాడు. ఎప్పుడూ వాన గురించి కనీసం అయిదు మాటలైనా అనేవాడు.

ప్రయాణం ఇంకో నాలుగు రోజులుందనగా, సోమవారం నాడు కొట్టులో ఉప్పు కొనుక్కుంటుంటే సంగతి చెవిన పడింది. ఫింటన్ శుక్రవారం బాలినాలో చెల్లెలి ఇంటికి పోతున్నాడట. ఆదివారం దాకా ఉంటాడట. కొట్టు మనిషి చెబుతూనే ఉంది, అట్రాక్టా ఉప్పు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చింది.

మాలకీ విన్నాడు. చెవి గోక్కున్నాడు. "అయితే మరి నొచ్చుకున్నట్టున్నాడు."

"వెళ్లి అడుగు."

"ఇప్పుడెట్లా అడుగుతాం? అడిగితే చెల్లెలి ప్రయాణం మానిపించినట్టు కాదూ? రెండుసార్లు నేనే వద్దని, ఇప్పుడు నేనే వెళ్లి చేయి చాపితే మనిషి ఏమనుకుంటాడు?" అని, ఆవిడ మొహం చూసి గొంతు తగ్గించాడు. "వచ్చే ఏడాది వెళ్దాం అట్టీ. ఒట్టు."

అట్రాక్టా లేచింది. మేజోడులోంచి ఫ్లూటు తీసి, ముక్కలు విడదీసి, బాదం నూనె రాయడం మొదలుపెట్టింది. నెల ఇంకా కాలేదు. మాలకీ గదిలోంచి మెల్లగా తప్పుకున్నాడు. నూనె రాస్తూ రాస్తూ ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఫింటన్ మీద కాదు, పాపం మాలకీ మీద కూడా కాదు. తన మీద తనకే. కేకు పోయింది, జర్మనీ పోయింది, ఇప్పుడు అరవై మైళ్ల దూరంలో ఉన్న గాల్వే కూడా పోతూ ఉంది. అన్నీ ఎవరో లాక్కుంటే పోయాయా? చేతికి అందినవాటిని మర్యాదగా వెనక్కి తోసి, మళ్లీ అందిస్తారేమోనని కూర్చుంటే పోయాయి. మాలకీ చెప్పిన వచ్చే ఏడాదికి తన బొటనవేలు ఉంటుందో లేదో ఎవరికి తెలుసు? గుడ్డ పక్కన పడేసి, గంబూట్లు తొడుక్కుని, పొలానికి అడ్డంపడి ఫింటన్ ఇంటికి నడిచింది.

ఫింటన్ వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని బూట్లకు నూనె పెడుతున్నాడు. ఆవిడను చూసి గబుక్కున లేచాడు. కూర్చోమన్నాడు.

"టీ తాగుతావా అట్రాక్టా?"

"వద్దొద్దు, ఇప్పుడే..." అనబోయింది. నాలుక అలవాటు కొద్దీ ముందుకు దూకింది. పట్టి ఆపింది. "తాగుతాను ఫింటన్. పాలు కాస్త ఎక్కువ పొయ్యి."

ఫింటన్ చేతిలో కెటిల్ గాల్లోనే ఆగింది. ఆ ఇంట్లో మొదటిసారికే టీ ఒప్పుకున్న మనిషి ఇంతవరకూ లేడు. ఈవిడకు ఒంట్లో బాగాలేదేమోనని ఒకసారి ఎగాదిగా చూసి, కప్పు కడిగాడు.

అట్రాక్టా రెండు గుక్కలు తాగింది. బుగ్గలు కందిపోయాయి. పరాయి ఇంట్లో నోరు విడిచి అడగాల్సి వచ్చిందే అన్న సిగ్గుతో కప్పును రెండు చేతులా పట్టుకుంది.

"శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా మా ఆవుల్ని పితికి పెడతావా ఫింటన్? నాకు గాల్వే వెళ్లాలని చాలా ఉంది. మాలకీ నీతో వద్దన్నది మర్యాదకన్నది. నువ్వు బాలినా పోతున్నావని తెలుసు. కుదరదంటే కుదరదని చెప్పు, నేనేమీ అనుకోను. కానీ అడక్కుండా మాత్రం ఉండలేను."

ఒక్క ఊపిరిలో అంతా చెప్పేసింది. ఫింటన్ వంగి పొయ్యి ఎగదోశాడు. ఆయన మెడ మెల్లగా ఎర్రబడింది.

"నిరుడు నా ఎర్రావుకి పొదుగు వాపు వచ్చిందిగా," అన్నాడు. "అందుకే మాలకీ నా చేతికి ఆవుల్ని ఇవ్వడం లేదనుకున్నా. వీడికి శుభ్రం లేదు, నా మందను పాడు చేస్తాడు అనుకుంటున్నాడేమో అని. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు తెలుసా?"

"అయ్యో ఫింటన్! నువ్వు తప్ప ఇంకెవరైనా ఆ షెడ్డులో కాలు పెడితే మాలకీ కారు వెనక్కి తిప్పేస్తాడు. నువ్వు మూడోసారి అడుగుతావని ఇంట్లో కాచుకు కూర్చున్నాడయ్యా, పెళ్లికొడుకు కోసం చూసినట్టు."

"నేను అడగబోయాను. దూడలు పాటకొచ్చేశాయి."

"తెలుసు. నోరు తెరిచావట."

"తెరిచాను."

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఫింటన్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఆవిడకు నవ్వుతో పాటు కొంచెం ఏడుపు కూడా వచ్చింది, దాన్ని టీతో మింగేసింది.

"మరి మీ చెల్లెలో?" అని అడిగింది.

"ఆ, దానిదేముంది. అది పిలిచింది రెండుసార్లే. మూడోసారి పిలవలేదు. పోవాలా వద్దా అని నేనే తన్నుకుంటున్నా. మీ ఆవులున్నాయని చెబితే ఇద్దరికీ సుఖం."

"నీకు గాల్వే నుంచి ఏం తెమ్మంటావు?"

"ఏమీ వద్దు."

"ఏదో ఒకటి చెప్పవయ్యా."

"ఏమీ వద్దన్నానా."

అట్రాక్టా కప్పు కింద పెట్టి, లేచి, కోటు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఫింటన్ ఒక గుండీ దాకా ఆగాడు, రెండో గుండీ దాకా ఆగాడు. ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఏం మనిషివి నువ్వు! ఇంకోసారి అడగవా?"

"సరే, ఏం తెమ్మంటావు?"

"పొగబెట్టిన చేప," అన్నాడు ఫింటన్ వెంటనే. "పెద్దది."

శుక్రవారం బయలుదేరేసరికి మాలకీ ప్రతి ఆవు పేరూ, దాని గుణమూ ఫింటన్‌కు అప్పజెప్పాడు. తెల్ల మచ్చది తన్నుతుంది. కుంటిది చివర రావాలి. ఫింటన్‌కు అవన్నీ ఆ ఆవులు దూడలుగా ఉన్నప్పటి నుంచీ తెలుసు. అయినా తెలియనట్టే తలూపాడు. ఆమాత్రం మర్యాద ఉండాలి మరి. దారిలో మాలకీ రెండుసార్లు కారాపి ఫోన్ చేశాడు. మూడోసారి ఆపబోతే అట్రాక్టా ఫోన్ లాక్కుని తన సంచిలో వేసుకుంది. కారు గాల్వే సందులో పట్టింది. ఎట్లా తీయాలో ఆదివారం చూసుకుందామనుకున్నారు.

రెండు రోజులూ ఆవిడ అనుకున్నట్టే గడిచాయి. ఓడరేవు దగ్గర విన్నారు, పెద్ద వీధిలో విన్నారు. వానలో తడుస్తూ ఒక కుర్రది వంతెన మీద ఫిడేలు వాయిస్తుంటే గొడుగు కింద నిలబడి విన్నారు. మాలకీ కొత్త టోపీ కొనుక్కుని, అది తడుస్తుందని పాతదే పెట్టుకున్నాడు. పొగబెట్టిన చేపను గది కిటికీ బయట వేలాడదీశారు, లేకపోతే పడుకోలేరు.

ఆదివారం పూజ అయ్యాక కాలువ పక్కకి వచ్చారు. పబ్బుకు రంగు మారింది, బల్లలు మారాయి. కిటికీ మూల మాత్రం మారలేదు. ఆ మూలలో ఆరుగురు కూర్చుని వాయిస్తున్నారు, ఒక్కరూ తెలిసినవాళ్లు కారు, సగం మంది తన కూతురి వయసు వాళ్లు. అట్రాక్టా పక్క బల్ల దగ్గర మాలకీతో కూర్చుంది. ఫ్లూటు సంచిలో, సంచి కాళ్ల దగ్గర. పిలవకుండా బయటికి తీయడం ఇక్కడ తప్పు, కనపడేట్టు పెట్టుకోవడం ఇంకా తప్పు. కుర్రవాళ్లు రీల్ అనే హుషారైన నాట్యపు వరస ఒకటి ఎత్తుకున్నారు. అది తండ్రి నేర్పినది. ఆవిడకు తెలియకుండానే వేళ్లు బల్ల అంచు మీద లేస్తూ దిగుతూ పోయాయి. వంగని బొటనవేలు కూడా దాని చోటికి అది వెళ్లి కూర్చుంది.

రీల్ ఆగింది. ఫిడేలు పట్టుకున్న నడివయసు ఆవిడ, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నావిడ, ఇటు తిరిగింది. బల్ల మీద వేళ్లనే చూస్తూ ఉంది.

"ఆ చేతులు ఫ్లూటు చేతులేనండీ. తెచ్చుకున్నారా? మాతో కలిసి వాయిస్తారా?"

"అబ్బే, ఎక్కడమ్మా," అన్నాడు మాలకీ, ముప్పై ఏళ్లకు పైబడిన అలవాటు కొద్దీ, భార్య తరఫున ఎంతో వినయంగా. "ఆవిడ వాయించి చాలా కాల..."

"వాయిస్తాను," అంది అట్రాక్టా.

గొంతు తాను అనుకున్నదానికన్నా పెద్దగానే వచ్చింది. బారు దగ్గర ఇద్దరు తిరిగి చూశారు. రెండోసారి అడగడానికి అప్పటికే నోరు తెరిచి ఉన్న ఫిడేలావిడ, ఆ నోరు మూసుకుని, నవ్వి, పక్కకు జరిగి స్టూలు లాగింది. అట్రాక్టా మేజోడు విప్పి మాలకీ ఒళ్లో పడేసింది. ఫ్లూటు బిగించుకుని, వెళ్లి ఆ స్టూలు మీద కూర్చుంది. గుండె ఆ రోజు డబ్లిన్ మనిషి ముందు కొట్టుకున్నట్టే కొట్టుకుంటూ ఉంది. ఈసారి దాన్ని దాచుకోవలసిన పని లేదు.

"ఏం వాయిద్దామంటారు?" అని అడిగారు వాళ్లు.

మీ ఇష్టం, మీరేది వాయిస్తే అదే అనాలి. అదీ మర్యాద. అట్రాక్టాకు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కిటికీ బయట కాలువ నీళ్ల మీద వాన పడుతూ ఉంది. మేజోడు ఒళ్లో పెట్టుకుని మాలకీ ఆవిడ వంకే చూస్తున్నాడు, గోడకానుకుని చూసిన ఆ మొదటి రోజులాగే, టోపీ చేత్తో పట్టుకుని.

"ఇందాకటి ఆ రీలే మళ్లీ," అంది. "ఇంకాస్త తొందరగా." అని, గట్టిగా ఊపిరి తీసుకుంది.